టైరాడ్డు మీద ముడి

"నెల్లూరులో ఎవరో చేసినారంట" అనే మాట దయాసాగర్ నోట్లోంచి దొర్లిపోయింది. బండయితే రివర్సు గేరు వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, మాటకు ఆ సౌకర్యం ఎవడూ పెట్టలేదు. పెంచలనరసయ్య "ఓహో, నెల్లూరా" అని తలూపి, వెంకటరమణయ్య గారి తెల్ల కారును గుంత మీదికి ఎక్కించి, నాలుగు చక్రాలకు కంప్యూటరుకు లెక్క చెప్పే నాలుగు ఇనప చేతులు తగిలించే పనిలో పడ్డాడు. దయాసాగర్ గోడవారన బెంచీ మీద కూర్చున్నాడు. ఉదయగిరిలో కొండకింద షెడ్డు వేసుకుని ఇరవై ఏళ్ళ పైబడి సాగర్ మేస్త్రి అనిపించుకుంటున్న మనిషి, ఆత్మకూరు బస్సు డిపో పక్కన ఇంకొకడి షెడ్డులో, చేతులు ఒళ్ళో పెట్టుకుని గిరాకీలా కూర్చున్నాడు. నెల్లూరూ లేదు, గిల్లూరూ లేదు. మూడు రోజుల కిందట ఈ కారుకు దారం కట్టి చక్రాలు సరిచేసింది తనే. ఆ సంగతి చెప్పెయ్యాలనే బయల్దేరాడు. దారి పొడుగునా స్టీరింగు పట్టుకుని చెప్పే మాటలు అల్లుకుంటూనే వచ్చాడు, "కొత్త రకం బండి గదరా, నా దారానికి అందలా" అని నవ్వుతూ అనేస్తే సరిపోతుందనుకున్నాడు. షెడ్డులో అడుగు పెట్టగానే వాకిలి దగ్గర ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో, ఒకప్పుడు తనకు పని నేర్పిన దస్తగిరి మేస్త్రి కనిపించాడు. "ఎవురూ, సాగరా? అడుగు చప్పుడు నీదే" అని ముసలాయన మొహం ఇంత చేసుకునేసరికి అల్లుకొచ్చిన మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి, వాటి స్థానంలో నెల్లూరు వచ్చి కూర్చుంది.

వెంకటరమణయ్య గారు ఒక్క మాట కటువుగా అని ఉన్నా బాగుండేది. సీతారామపురం వైపు రోడ్డు పనులు చేయించే కాంట్రాక్టరు, జీపులు, ట్రాక్టర్లు, ఒక లారీ, ఏది కుంటుపడినా దయాసాగర్ షెడ్డుకే తోలుకొస్తాడు. మొన్న ఈ కొత్త కారు కొన్నాడు, ఉదయగిరిలో మొదటి పవర్ స్టీరింగు కారు. వేలితో తిప్పితే తిరుగుతుంది చక్రం. అది చూసి దయాసాగర్ మురిసిపోయాడు, అది రోడ్డు మీద గుంతలో పడి చక్రాలు తప్పినప్పుడు మామూలుగానే దారం కట్టి ఇచ్చాడు. నిన్న సాయంత్రం ఆయన వచ్చి నిమ్మళంగా, "సాగరూ, నేరుగా పోతా ఉంటే స్టీరింగు వంకరగా నిలబడి ఉండాది. నీ తప్పని అనడం లా. ఆత్మకూరులో కంప్యూటరు పెట్టినారంట గదా, నువ్వే తీసకపోయి చూపించుకోని రా. ముందు ఎంత ఉండాది, తర్వాత ఎంత ఉండాది అని కాగితం ఇస్తారంట, అది పట్టుకోని రా" అన్నాడు. నీ తప్పని అనడం లేదు! తప్పు నీదే అనడానికి ఇంతకంటే మర్యాదైన దారి ఇంకేముంటుంది. రాత్రి సుకుమారి అన్నం వడ్డిస్తూ, "దాంట్లో ఏముండాది, నరసయ్యన్న మీవోడే గదా, మంచోడు" అంది. మంచోడు. ఆ మాట పప్పులో రాయిలా పంటి కింద పడింది. పెళ్ళాం నోట ఇంకో మగాడు మంచోడని వినడం వేరే సంగతి, దానికి బాధ లేదు. ఆ ఇంకో మగాడు పెంచలనరసయ్య కావడమే బాధ.

వాడి షెడ్డు చూడు. నేల మీద పలకరాళ్ళు పరిచాడు, నూనె పడితే తుడుచుకోవచ్చు. గుంతకు రెండు వైపులా ఇనప పట్టాలు, వాటి మీద గుండ్రంగా తిరిగే పళ్ళేలు, చక్రం వాటి మీద నిలబడితే వెన్నలో వేలు తిప్పినట్టు తిరుగుతుంది. గోడకు పచ్చరంగు. మూల గాజు తలుపుల అల్మరాలో టీవీ లాంటి తెర, దాని కింద కాగితం చుట్టలు మింగి కక్కే ప్రింటరు. తెరకు దుమ్ము పడకుండా లేసు గుడ్డ కప్పి ఉంచుతారంట, నరసయ్య భార్య శీనమ్మ కుట్టిందంట. మెకానిక్ షెడ్డులో లేసు గుడ్డ! నవ్వుకుందామనుకున్నాడు, నవ్వు రాలేదు. ఆ అల్లిక పువ్వులు కూడా అందంగానే ఉన్నాయి, అదీ మంట. ఎదుటివాడి దాంట్లో ఒక్క వంకర వస్తువైనా దొరికితే కాస్త కడుపు చల్లబడుతుంది. దయాసాగర్ కళ్ళు షెడ్డంతా తిరిగి తిరిగి, చివరికి క్యాలెండరు నెల మార్చలేదని కనిపెట్టాయి. మే నెల వచ్చి పది రోజులైనా అక్కడ ఇంకా ఏప్రిల్ వేలాడుతోంది. తొంభై తొమ్మిదిలోకి వచ్చామని అయినా తెలుసునో లేదో వీడికి అనుకుని, దానితో ఓ నిమిషం తృప్తి పడ్డాడు.

తృప్తి ఎంతసేపు. కుర్చీలో కూర్చున్న మనిషి కనపడుతూనే ఉన్నాడు. ఇదే డిపో పక్కన, ఇప్పుడు సైకిలు షాపున్న చోట, దస్తగిరి మేస్త్రి షెడ్డు ఉండేది, తాటాకు కప్పు, నేలంతా నల్లమట్టి. పదహారేళ్ళప్పుడు దయాసాగర్ అక్కడ చేరాడు, నరసయ్య అప్పటికే ఏడాది ముందు చేరి ఉన్నాడు. ఆ ఒక్క ఏడాది ఈ జన్మకు తీరలేదు. "టీ పట్టుకోని రా సాగరూ" అని తనను పంపి, వాణ్ణి జీపు కింద తన పక్కనే పడుకోబెట్టుకునేవాడు మేస్త్రి. టీ గ్లాసులతో తిరిగొచ్చేసరికి జీపు కింద నాలుగు కాళ్ళు, రెండు పెద్దవి, రెండు చిన్నవి, పక్కపక్కన. అక్కడ ఏం చెబుతున్నాడో, ఏం నేర్పుతున్నాడో. నరసయ్యది ఎడంచేతి వాటం, స్పానరు ఎడంచేత్తో పట్టేవాడు, గిరాకీ ముందు ఎడంచెయ్యి చాపితే మేస్త్రి మొట్టేవాడు గానీ, కుడిచేతివాళ్ళకు అందని నట్టు ఏదన్నా వస్తే వాణ్ణే పిలిచేవాడు. "సాగరు కన్ను, నరసడి చెయ్యి" అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. కన్ను గొప్పదా, చెయ్యి గొప్పదా అని దయాసాగర్ ఎన్ని రాత్రులు లెక్కలు వేశాడో. కన్నే గొప్పదని తేలేది, పొద్దున లేచి మేస్త్రి వాడి భుజం మీద చెయ్యేసి నడవడం చూసేసరికి మళ్ళీ చెయ్యే గొప్పదయ్యేది. ఇప్పుడు చూస్తే కన్ను ఓడిపోయిందని ఊరంతటికీ తెలిసేలా 'కంప్యూటరు అలైన్‌మెంటు' అని బోర్డు రాయించి మరీ పెట్టారు బయట.

దారం పనికి కన్నే కావాలి మరి. వెనక చక్రానికి మైనం రాసిన నూలు దారం చుట్టి, పక్కన పొడుగ్గా లాగి, ముందు చక్రం దాటించి పట్టుకుంటే, ముందు చక్రం ఆ దారానికి ఎంత దగ్గరుంది, ముందు అంచు ఎంత, వెనక అంచు ఎంత అని కంటితోనే తూచాలి. చెప్పడానికి ఇంతే. ఎండ పడితే దారం నీడ మోసం చేస్తుంది, గాలి కొడితే దారం పాడుతుంది, మనిషి ఊపిరి గట్టిగా వదిలినా కదులుతుంది. ఉదయగిరి కొండ మీది నుంచి దిగే గాలిలో దారం కట్టడం దయాసాగర్‌కు తప్ప ఇంకెవరి వల్లా కాదని జీపు డ్రైవర్లు చెప్పుకుంటారు. ఆ దారం ముందు ఈ ఇనప చేతులేమిటి, ఈ తీగలేమిటి. వాటికి ఎండా లేదు, గాలీ లేదు, అనుమానం అంతకన్నా లేదు. తెర మీద కారు బొమ్మ వచ్చింది, నాలుగు చక్రాల పక్కన నాలుగు గళ్ళు వచ్చాయి. మూడు పచ్చగా నిలబడ్డాయి. నాలుగోది ఎర్రబడింది.

"ఏందిరా లెక్క?" అన్నాడు దస్తగిరి. ప్రతి బండి లెక్కా ఆయనకు గట్టిగా చెప్పాలి, అది ఈ షెడ్డు రివాజు. కళ్ళకు పొర కమ్మి, ఆపరేషను చేయించినా నీడలు తప్ప కనపడని మనిషికి అంకెలే చూపు.

"కుడి పక్క బాగుండాది మేస్త్రీ. ఎడమ చక్రం నాలుగు మిల్లీమీటర్లు బయటికి చూస్తా ఉండాది."

"నాలుగా!" ముసలాయన కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. "పవర్ స్టీరింగు బండి గదా అది. ఇంజను ఆపేసి కట్టుంటాడు ఆ నెల్లూరోడు. ఆపి కడితే స్టీరింగు నడుమున నిలబడినట్టే ఉంటాది, ఇంజను ఎత్తగానే దాని సోటికి అది పోతాది. ఇంజను ఎత్తి, అటూ ఇటూ ఊపి, అప్పుడు గదా బిగించాల్సింది. మా సాగరు కట్టుంటే ఇట్ట ఉండదు. ఏం సాగరూ?"

"అవును మేస్త్రీ" అన్నాడు దయాసాగర్. ఆ రెండు ముక్కలు అనడానికి గొంతులో ఎంత దూరం నడవాల్సి వచ్చిందో. ఇంజను ఆపే కట్టాడు. ఇరవై ఏళ్ళుగా ప్రతి బండికీ తాళం తీసి జేబులో వేసుకునే దారం పట్టుకున్నాడు, అదరకూడదని. ఇంజను వేసి కట్టాలని ఎవరు చెప్పారు తనకు? ఎవరూ చెప్పలేదు. కళ్ళు పోయాక కూడా ఈ ముసలాయన కొత్త కార్ల సంగతులు నేర్చుకున్నాడు, ఈ కుర్చీలో కూర్చుని, అంకెలు విని, నరసయ్యతో మాట్లాడి మాట్లాడి నేర్చుకున్నాడు. నేర్చుకున్నదంతా ఎవడి చెవిలో పోస్తున్నాడు? మళ్ళీ వాడి చెవిలోనే. మళ్ళీ అదే జీపు, అవే నాలుగు కాళ్ళు, తను మళ్ళీ టీ గ్లాసులు పట్టుకుని బయట. పైగా 'మా సాగరు కట్టుంటే' అంట. ఆ పొగడ్త లెంపకాయ కన్నా చుర్రుమంది. ఈ లోకంలో దయాసాగర్‌కు మిగిలింది ఆ ఒక్క మాటే. ఆ మాట నిలబడాలంటే ఆ నెల్లూరోడు నిలబడాలి. వెంకటరమణయ్య గారి లారీ పోతే పోనీ, జీపులు పోతే పోనీ, ఈ ముసలాయన 'మా సాగరు కట్టుంటే ఇట్ట ఉండదు' అనుకుంటూనే పోవాలి, అంతే.

సరిగ్గా అప్పుడు ఫ్యాను ఆగింది. తెర చిన్న చుక్కయి ఆరిపోయింది. "పదకొండయింది, కోత" అన్నాడు నరసయ్య, ఎండాకాలం రోజూ పన్నెండు దాకా కరెంటు ఉండదు. దయాసాగర్‌కు పండగ వచ్చినంత పనయింది. అయ్యో పాపం, రాజుగారి సింహాసనానికి కరెంటు పోయిందా! దారానికి ఏ కోత లేదు, ఏ లైను మ్యాను దయా అక్కర్లేదు. ఆ సంబరంలో కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకున్నాడు. నరసయ్య ఇనప చేతుల మీద గుడ్డ కప్పి, "కరెంటు వచ్చినాక కిందికి దిగి టైరాడ్డు తిప్పితే అయిపాయ, అర్ధ గంట పని" అన్నాడు. టైరాడ్డు. ఆ మాట చెవిన పడగానే దయాసాగర్ చాపిన కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. కింద, స్టీరింగు తిప్పుడును ఎడమ చక్రానికి అందించే ఆ టైరాడ్డు కడ్డీ మీద, నట్టు పక్కనే, తన చేత్తో కట్టిన దారం ముడి ఉంది.

అది దస్తగిరి మేస్త్రి పెట్టిన పద్ధతి. చక్రాలు సరిచేసిన దారంలోంచి జానెడు కోసి టైరాడ్డుకు కట్టాలి, మామూలు ముడి కాదు, మూడు చుట్లు చుట్టి, రెండో చుట్టు కింద నుంచి కొసను దూర్చి, మెలివేసి, పంటితో లాగి బిగించేది. అది ఊడదు, జారదు, బురదలో నానినా వదులవ్వదు. ఎందుకు మేస్త్రీ అని అడిగితే, "తప్పు చేసినోడు దొరకాలరా. ఆర్నెల్లకు బండి వంకర పోతే ఎవుడు కట్టినాడో కిందికి దూరి చూస్తే తెలియాల. పేరు రాస్తే చెరుపుతాడు, ముడిని చెరపలేడు" అన్నాడు. ఉదయగిరిలో చర్చి పాస్టరు గారు ఒకసారి తన పాత కారు కింద ఆ దారం చూసి, ఇదేమి తాయెత్తు దయాసాగరూ, మన విశ్వాసులు చేసే పనేనా అని గొణిగాడు. తాయెత్తు కాదు అయ్యగారూ, సంతకం అని చెప్పాడు తను. ఎంత గర్వంగా చెప్పాడు! ఇప్పుడు ఆ సంతకం నాలుగు మిల్లీమీటర్ల తప్పు పక్కన కూర్చుని నరసయ్య కోసం ఎదురుచూస్తోంది. నెల్లూరులో దస్తగిరి ముడి కట్టేవాడు ఎవడున్నాడు? మేస్త్రిని పక్కన పెడితే ఈ భూమ్మీద ఆ ముడి ఇద్దరికే తెలుసు, ఒకడు గుంతలోకి దిగబోతున్నాడు, ఒకడు బెంచీ మీద దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

తనకు నేర్పిన సాయంత్రం బాగా గుర్తు. వాన వెలిసి తాటాకు కప్పు కారుతోంది. నరసయ్య ఊరికి పోయాడు, వాళ్ళ అమ్మకు జ్వరమని. అందుకే, వాడు లేడు కాబట్టే, మేస్త్రి తనను బండి కిందికి పిలిచాడు. "ఇట్ట రా, చెయ్యి తే" అని తన వేళ్ళ మీద వేళ్ళు పెట్టి చుట్టించాడు. ఆయన గోళ్ళలో గ్రీసు వాసన, బీడీ వాసన. మూడోసారికి వచ్చేసింది. "కన్ను గలోడికి చెయ్యి తొందరగా వస్తాది" అన్నాడు మేస్త్రి. ఆ రాత్రంతా ఒక దారం ముక్క పట్టుకుని మంచం కోడుకు కట్టి విప్పి, కట్టి విప్పి నిద్రపోలేదు. సంతోషం ఎంతో ఉండాల్సింది, ఉంది కూడా, కానీ దాని అడుగున ఒక మడ్డి పేరుకుంది. వాడికి ఎప్పుడో నేర్పేసి ఉంటాడు, ఏడాది ముందు వచ్చినవాడు గదా, వాడికి నేర్పగా మిగిలింది ఇప్పుడు నాకు పెట్టాడు అని. వాణ్ణి అడిగింది లేదు. అడిగితే 'ఓ, అదా, నాకెప్పుడో వచ్చు' అంటాడేమోనని భయం. ఇరవై రెండేళ్ళుగా ఆ ఎంగిలి ముడినే కడుతున్నాడు.

నరసయ్య టీ తెప్పించాడు. ముందు మేస్త్రికి ఇచ్చాడు, ఇవ్వడమంటే ఊరికే ఇవ్వడం కాదు, ఆయన వేళ్ళు గ్లాసు చుట్టూ సరిగ్గా పడేదాకా కింద తన ఎడంచెయ్యి పట్టి ఉంచాడు, వేడి తగిలి ఆయన పెదవి ముడిస్తే ఊది మళ్ళీ ఇచ్చాడు. ఒకరికొకరు అలవాటైపోయిన మనుషులు. రోజూ పొద్దున స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తెస్తాడంట, సాయంత్రం ఇంటి దగ్గర దింపుతాడంట, శుక్రవారం అనుమసముద్రంపేట దర్గాకు కూడా వాడే తీసుకుపోతాడంట. పెద్ద పుణ్యాత్ముడు! ఏం, తను పిలవలేదా? మేస్త్రికి చూపు పోయిందని తెలిసిన వారంలోనే వచ్చి, మా ఇంటికి రా మేస్త్రీ, షెడ్డు ముందర నులక మంచం వేస్తాను, సుకుమారి వేడిగా వండి పెడుతుంది అని కాళ్ళు పట్టుకోవడం ఒకటే తక్కువ. "మీ కొండకింద ఎండ నేను తట్టుకోలేనురా, బస్సుల చప్పుడు లేంది నాకు తోచదు" అన్నాడు. బస్సులంట! నరసయ్య లేంది తోచదు అని చెప్పొచ్చుగా. టీ చల్లారిపోయింది, పైన మీగడ కట్టింది, దయాసాగర్ తాగడం మరిచిపోయాడు.

ఒక పని చెయ్యొచ్చు. నరసయ్య వెనక వైపు చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. గుంతకు మెట్లు నాలుగే. దిగి, జేబులో బ్లేడుంది, ఒక్క కోత, పైకి వచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది? పేరు రాస్తే చెరపగలడు, ముడిని చెరపలేడు అన్నాడు మేస్త్రి, ఎందుకు చెరపలేడు, బ్లేడుంటే ముడేం ఖర్మ, మెడ కూడా తెగుతుంది. లేచాడు. పిల్లిలా రెండడుగులు వేశాడు. తన గురువు కట్టించిన ముడిని తన చేత్తోనే దొంగలా కొయ్యడానికి పోతున్నానని తెలుస్తూనే ఉంది, కాళ్ళు మాత్రం పోతూనే ఉన్నాయి. మూడో అడుగు పడలేదు.

"సాగరూ, యాడికి?" అన్నాడు దస్తగిరి, తల తిప్పకుండానే.

"యాడికీ లేదు మేస్త్రీ, కాళ్ళు పట్టేసినాయి."

"కూకో. పన్నెండవతా ఉండాది. వస్తాదిలే."

వచ్చింది. ఫ్యాను ఒళ్ళు విరుచుకుని తిరిగింది, తెర మీద ఆ ఎర్ర గడి ఎక్కడికీ పోకుండా మళ్ళీ వచ్చి నిలబడింది. నరసయ్య స్పానర్లు పట్టుకుని, తీగ కట్టిన బల్బు ఒకటి చేత పుచ్చుకుని గుంతలోకి దిగాడు. దయాసాగర్ ఊపిరి బిగబట్టాడు, దారం పట్టుకున్నప్పుడు బిగబట్టినట్టే. కింద నుంచి చప్పుడు లేదు. స్పానరు నట్టు మీద పడ్డ చప్పుడు రావాలి ఈపాటికి, రాలేదు. బల్బు వెలుగు ఒక్కచోటే, ఎడమ పక్కనే నిలబడిపోయింది. ఏ క్షణమైనా వాడు నవ్వుతాడు, 'మేస్త్రీ, మీ సాగరు సంతకం ఉండాది ఈడ' అని అరుస్తాడు. అరవాలి. తనయితే అరిచేవాడు. నిజం చెప్పుకోవాలంటే, వాడి తప్పు ఇలా తన చేతికి చిక్కి ఉంటే, ఆత్మకూరు బస్టాండుకంతా వినపడేలా అరిచి ఉండేవాడు దయాసాగర్.

"ఏందిరా నరసా, సద్దు లేదు? ఏముండాది కింద?" అన్నాడు మేస్త్రి.

కింద నుంచి నరసయ్య గొంతు వచ్చింది. "ఏం లేదు మేస్త్రీ. మట్టి." ఆ వెంటనే, "సాగరూ, ఒక చెయ్యి ఎయ్యిరా. ఇట్ట దిగు."

నాలుగు మెట్లు. గుంతలో ఇద్దరు నిలబడితే భుజాలు రాసుకుంటాయి. నరసయ్య బల్బు ఎత్తి చూపించాడు, చూపించాల్సిన పనేముంది, తెల్ల దారం అంత నల్లటి చోట పన్నులా మెరుస్తోంది. దయాసాగర్ దాన్ని చూడకుండా వాడి చొక్కా గుండీల వైపు చూశాడు. వాడు నెల్లూరు మాటే ఎత్తలేదు. గొంతు బాగా తగ్గించి, "నట్టు వదులు చెయ్యాలంటే ఇది తియ్యాల" అన్నాడు.

"కోసెయ్" అన్నాడు దయాసాగర్.

"కోస్తే? సరిచేసినాక మళ్ళీ ఎవురు కడతారు?"

"నువ్వే కట్టు. సరిచేసేది నువ్వు గదా."

"నాకు రాదు."

దయాసాగర్ అప్పుడు తలెత్తాడు. "ఏంది రాదు?"

"ఈ ముడి. మేస్త్రి నాకు చూపించలా. నీకొక్కడికే చూపించినాడు." నరసయ్య బల్బును గోడ కొక్కేనికి తగిలించి, గోళ్ళతో ముడిని ఓపిగ్గా వదులు చేస్తూ చెప్పాడు. "ఉదయగిరి బండి ఏది వచ్చినా కిందికి దూరి చూస్తా. ఎన్నిసార్లు విప్పినానో. విప్పడం వచ్చిందిరా, కట్టడం రాలా." అంటుండగానే దారం ఊడి వాడి చేతిలోకి వచ్చింది. దాన్ని జాగ్రత్తగా తన చెవి మీద పెట్టుకుని స్పానరు అందుకున్నాడు.

నాకొక్కడికే! ఆ మాట దయాసాగర్ ఒంట్లో ఎక్కడెక్కడికి పోయిందో చెప్పడం కష్టం. వాన వెలిసిన ఆ సాయంత్రం మొత్తం కొత్తగా కడిగినట్టయింది. ఎంగిలి కాదు, మిగిలింది కాదు, మొదటిదీ అదే, చివరిదీ అదే. ఆ నాలుగు కాళ్ళు ఆ జీపు కింద ఎన్నేళ్ళు పడుకుంటే మాత్రం ఏం, మేస్త్రి దాచి దాచి ఇచ్చింది తనకే! నరసయ్య పైకి పోయి ఇంజను వేశాడు, స్టీరింగు అటూ ఇటూ ఊపి బిగించి, ఇంజను ఆపి, మళ్ళీ దిగి టైరాడ్డు తిప్పాడు. "తెర చూడరా" అంటే దయాసాగర్ మునివేళ్ళ మీద లేచి గుంత అంచు మీది నుంచి చూశాడు, ఎర్ర గడి నెమ్మదిగా పచ్చబడింది. నాలుగు మిల్లీమీటర్లు పోయాయి. పోనీ! పచ్చ గడులు నువ్వుంచుకో, పలకరాళ్ళు నువ్వుంచుకో, లేసు గుడ్డ నువ్వుంచుకో. నరసయ్య చెవి మీది దారం తీసి ఇచ్చి, "కట్టు. మెల్లిగా కట్టు, చూస్తా" అన్నాడు. దయాసాగర్ టైరాడ్డు వైపు తిరిగి, భుజం అడ్డం పెట్టి, మూడు చుట్లు చుట్టి, దూర్చి, మెలివేసి, పంటితో లాగాడు. రెప్పపాటు పని.

"కనపళ్ళా" అన్నాడు నరసయ్య. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. స్పానర్లు తుడుచుకుంటున్నాడు.

అప్పటికి గానీ దయాసాగర్‌కు తట్టలేదు. ముడి తనొక్కడికే తెలుసంటే, దిగిన మరుక్షణమే వీడికి తెలిసిపోయింది, కట్టింది ఎవడో, నెల్లూరు ఎక్కడుందో. తెలిసీ మట్టి అన్నాడు. తనను కింద పడెయ్యడానికి ఇరవై రెండేళ్ళకు ఒకసారి వచ్చే అవకాశం చేతిలో పెట్టుకుని, చెవి మీద పెట్టుకుని, మట్టి అన్నాడు. తనయితే అరిచేవాడు. రాత్రి సుకుమారి నోట విన్న 'మంచోడు' అనే మాట మళ్ళీ పంటి కింద పడింది, ఈసారి రాయి కాదు, నిజమే అది. మిషను మీద అసూయ పడ్డాడు, కుర్చీ మీద అసూయ పడ్డాడు, ఇప్పుడు సిగ్గు లేకుండా వాడి మంచితనం మీద కూడా అసూయ పుట్టింది. అన్నిటికన్నా ఇదే ఎక్కువ మండింది. వీడు నాకన్నా మంచోడుగా మిగిలిపోతాడా? ఈ గుంతలోంచి ఆ ఒక్కటీ కూడా వాడే పట్టుకుపోతాడా? దయాసాగర్ వేళ్ళు ముడి మీదికి వెళ్ళాయి. ప్రేమతో కాదు, జాలితో అంతకన్నా కాదు, వాడికన్నా తక్కువ కాకూడదని, బిగించిన ముడిని పన్నుతో లాగి విప్పాడు.

"చూడు" అన్నాడు. భుజం పక్కకు తీశాడు. మెల్లిగా మూడు చుట్లు చుట్టాడు, కొస దూర్చాడు, మెలి చూపించాడు. విప్పి దారం వాడికిచ్చాడు. నరసయ్య నోరు తెరుచుకుని, చిన్నపిల్లాడిలా నాలుక బయటపెట్టి, చుట్టాడు. జారిపోయింది. మళ్ళీ చూపించాడు. మళ్ళీ చుట్టాడు. రెండో చుట్టు కిందికి వచ్చేసరికి వాడి వేళ్ళు అడ్డం తిరుగుతున్నాయి, జారిపోయింది. "ఇంత సేపా! కన్ను లేదురా నీకు" అని దయాసాగర్ విసుక్కోబోయాడు, ఆ విసుగులో కాస్త తీపి కూడా కలిసి ఉంది, ఎంతైనా నాకొక్కడికే గదా అని.

పైన కుర్చీ కిర్రుమంది.

"వాడిది ఎడంచేతి వాటం రా సాగరూ" అన్నాడు దస్తగిరి మేస్త్రి, ఎండలో ఏ బస్సు వచ్చిందో చెప్పినంత మామూలుగా. "నువ్వు చూపించినట్టు చూపిస్తే రాదు వాడికి. నేను నెల దినాలు చూపించినా, నా వల్ల కాలా, వదిలేసినా. తిప్పి చూపించు. నాలుగు మిల్లీమీటర్ల సంగతి పైకి వచ్చినాక మాట్లాడదాం."

గుంతలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "అప్పట్లో నాకు చూపిస్తా ఉండింది ఇదేనా?" అన్నాడు నరసయ్య, దారం వైపు చూస్తూ, తనలో తనే. "నన్నేదో చుట్టమంటా ఉండేవాడు, ఎందుకో తెలవదు నాకు."

దయాసాగర్ వాడి చేతిలోంచి దారం తీసుకున్నాడు. కొసను ఎడం చేతిలోకి మార్చుకుని టైరాడ్డు మీద పెట్టాడు. ఆ చేత్తో మొదటి చుట్టు అతనికీ రాలేదు.